విమానం తలుపులో నేను బిగించిన చట్రం

నా చేత్తో చేసిన వాటిలో అన్నిటికన్నా బాగా కుదిరింది ఏదని ఎవరైనా అడిగితే, ఏదో ఒక లారీ బాడీ సంగతి చెప్పి తప్పించుకుంటాను. అది అబద్ధం. బాగా కుదిరింది ఒక ఇనప చట్రం. ఎమర్జెన్సీ రోజుల్లో, గన్నవరంలో దిగిన ఒక మిలిటరీ సరుకు విమానానికి కెమెరా బిగించడం కోసం చేశాను. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒక పక్క గర్వం, ఇంకో పక్క ఒళ్ళు మంట. మంటే ఎక్కువ.

అప్పటికి నాకు పాతికేళ్ళు నిండలేదు. బెజవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో వెల్డింగూ ఫిట్టింగూ రెండూ చేసేవాణ్ణి. మాది ఊరికి దిగువన, కృష్ణ మధ్యలో ఉన్న ఒక లంక. అమ్మానాన్నలు చిన్నప్పుడే పోతే మా అక్కే నన్ను పెంచింది. బావ కూడా జ్వరంతో పోయాక ఆమెకు ఆ లంకలో ఎకరంపావు నేల మిగిలింది. దోస, కాకర, సొర పాదులు పెట్టి, తెల్లారేసరికి కాయ కోసి పడవలో బెజవాడ పంపేది. ఆ కూరగాయల మీదే నేను ఐటీఐ చదివాను.

నేల మిగిలిందన్నానే గాని దానికి కాగితం లేదు. లంకలో ఎవరికీ లేదు. ఏటా వరదొచ్చి గట్లన్నీ ఊడ్చుకుపోతుంది, ఒండ్రు మేట వేసి పోతుంది. నీళ్ళు తీశాక అందరూ ఒకే రోజు పొద్దున్నే పొలాల్లోకి దిగి ఎవరి మూలలో వాళ్ళు నిలబడతారు. పక్కవాడు చూసి సరేనంటే అక్కడ తుమ్మ కర్ర పాతుతారు. మనిషి నిలబడని మూలకి కర్ర పాతరు. ఆ రోజు జ్వరంతో ఉన్నవాణ్ణి కూడా మంచం మీద మోసుకొచ్చి మూలలో దించడం నేను చూశాను. హద్దులంటే మాకు అవే. తగువులు రాలేదా అంటే వచ్చాయి, బూతులు తిట్టుకున్నారు కూడా. కానీ కర్ర పాతాక ఎవరూ దాన్ని జరిపేవారు కారు.

నాతోపాటు ఆ లంకలోనే పుట్టి, నాతోపాటు ఒకే బల్ల మీద కూర్చుని చదువుకున్న స్నేహితుడు ఒకడుండేవాడు. వాళ్ళమ్మ ఊడుపులకి పోయిన రోజుల్లో మా అక్క మా ఇద్దరికీ ఒకే కంచంలో అన్నం కలిపి, వాడికో ముద్ద నాకో ముద్ద పెట్టేది. వాడు నాకన్నా బాగా చదివాడు. సర్వేయరయ్యాడు, ప్యాంటూ చెప్పులూ వేశాడు, కాపురం బెజవాడకి మార్చాడు. అయినా నేను కనబడితే చాలు, సైకిలు ఆపి భుజం మీద చెయ్యేసేవాడు. వాడంటే నాకు ప్రాణం. ఇది ఒప్పుకోకపోతే మిగతాది చెప్పడం అనవసరం.

ఆ ఏడు లంక కొలవాలని సర్వే గొలుసులు పట్టుకుని మనుషులు రెండుసార్లు వచ్చారు. రెండుసార్లూ లంకవాళ్ళు వాళ్ళని పడవ దిగనివ్వలేదు. కొలిచారంటే ఖాళీ చేయిస్తారని వాళ్ళ భయం. ఆడవాళ్ళే కొడవళ్ళు పట్టుకుని రేవులో నిలబడ్డారు. అందరికన్నా ముందు నిలబడింది మా అక్క. గొలుసు పట్టుకున్న మనిషితో, "కాలు కింద పెట్టావంటే నీ గొలుసుతోనే నిన్ను కట్టేసి బర్రెల పక్కన పడేస్తానయ్యా," అందిట. ఆ మాట చెప్పుకుని లంకంతా నెల్లాళ్ళు నవ్వారు.

తర్వాత కొన్నాళ్ళకి మా స్నేహితుడు షెడ్డుకి వచ్చాడు. వెంట జీపులో ఒక మిలిటరీ ఆఫీసరు. పైనించి ఫోటోలు తీసి నదిని కొలవడానికి విమానం వచ్చిందట. కెమెరా వచ్చింది, కానీ దాని స్టాండు వేరే రకం విమానానికి చేసింది, దీనికి అతకడం లేదు. కొత్తది తెప్పించుకునే వ్యవధి లేదు. "మా వాడున్నాడు, చూసింది చూసినట్టు చేసేస్తాడు, ఈ జిల్లాలో వీడి చెయ్యి పడిన ఇనుము వంకర పోదు," అని నా గురించి వాడు చెబుతుంటే నేను మునగచెట్టు ఎక్కి కూర్చున్నాను. మా మేస్త్రీ కూడా, "పోరా, షెడ్డుకి పేరొస్తుంది," అన్నాడు.

హనుమాన్ జంక్షన్ బస్సెక్కి గన్నవరంలో దిగి, కాపలావాళ్ళని దాటి లోపలికి వెళ్ళాను. ముందు ఒక టైపు కొట్టిన కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నారు. ఇక్కడ చూసింది, చేసింది, విమానం ఎప్పుడు ఎటు ఎగురుతుందీ బయట ఒక్కరికి చెప్పినా జైలేనని అందులో ఉందని మా స్నేహితుడే చదివి చెప్పాడు. సాక్షిగా వాడే కింద సంతకం పెట్టాడు. నాకు భయం వేయలేదు. ఏదో గొప్పవాణ్ణయినట్టు అనిపించింది.

అది రెండు ఫంకాల డకోటా విమానం. లోపల గోడవారగా సిపాయిలు కూర్చునే బల్లలు, నేల మీద సరుకు కట్టడానికి వరసగా ఇనప రింగులు. పక్క తలుపు ఊడదీసి, ఆ తలుపు సందులోంచి కెమెరా కిందికి చూసేలా నిలబెట్టాలి. ఆఫీసరు పెట్టిన షరతులు వింటే ఎవరికైనా చిరాకేస్తుంది. విమానానికి ఒక్క బెజ్జం పడకూడదు. వెల్డింగు దాని దగ్గర చేయకూడదు. ఫోటోలు తీసే రోజు బిగించాలి, అయిపోగానే విప్పేయాలి. విప్పాక అక్కడ కెమెరా ఉండేదని ఆనవాలు కూడా మిగలకూడదు, మర్నాటికి అది మళ్ళీ మూటలూ సిపాయిలూ మోసే విమానం అయిపోవాలి.

"అరగంటలో విప్పేలా ఉండాలంటున్నార్రా," అన్నాడు మా స్నేహితుడు.

"పావుగంట చాలని చెప్పు," అన్నాను.

లారీ మీద సరుకు కదలకుండా గొలుసు ఎలా లాగి బిగిస్తామో నాకు తెలుసు. ఆ లెక్కనే నాలుగు కాళ్ళ చట్రం చేశాను. సన్న యాంగిల్ ఇనుముతో కాళ్ళు, ప్రతి కాలికీ ఒక కొక్కెం, కొక్కేనికి తిప్పి బిగించే స్క్రూ. కొక్కెం నేల మీది రింగుకి తగిలించి స్క్రూ తిప్పితే చట్రం నేలకి అతుక్కుపోతుంది. చేత్తోనే తిప్పే రెక్కల నట్లు వాడాను, స్పానరు కూడా అక్కర్లేదు. కొలతలు మూడుసార్లు తీసుకుని షెడ్డులో వెల్డింగు చేసి పట్టుకెళ్తే మొదటిసారే చక్కగా కూర్చుంది. ఆఫీసరు గడియారం చూసుకుంటూ నా చేత బిగింపించాడు, విప్పించాడు, మళ్ళీ బిగింపించాడు. పావుగంట కూడా పట్టలేదు.

కానీ మొదటిరోజు తీసిన ఫోటోలు చూస్తే ఇంకు పులుముకుపోయిన కాగితాల్లా ఉన్నాయి. ఇంజన్ల అదురుడు చట్రంలోంచి కెమెరాకి ఎక్కుతోంది. ఆఫీసరు మొహం మాడ్చుకున్నాడు. ఆ రాత్రంతా నాకు నిద్ర లేదు. పొద్దున షెడ్డులో ఒక లారీ ఇంజను దించుతుంటే దాని కింద ఉండే మౌంటింగు రబ్బర్లు కనబడ్డాయి. లారీ ఇంజను ఎంత ఎగిరిపడ్డా క్యాబిన్ అంత అదరదు, మధ్యలో ఆ రబ్బరు ఉంటుంది కాబట్టి. అవే నాలుగు తీసుకెళ్ళి, కెమెరాకీ చట్రానికీ మధ్య పెట్టాను. ఇంజన్లు వేయించి, చట్రం మీద నిండుగా టీ పోసిన గ్లాసు పెట్టాను. టీ వణికింది గాని ఒక్క చుక్క బయటికి రాలేదు. ఆ ఆఫీసరు టోపీ తీసి నాకు దణ్ణం పెట్టినంత పని చేశాడు. ఆ రోజు నేను నేల మీద నడవలేదంటే నమ్మండి.

సరిచూడటానికని నన్ను ఒకసారి విమానంలో ఎక్కించుకున్నారు. నడుముకి తాడు కట్టి, ఆ తాడు రింగుకి కట్టారు. ఊడదీసిన తలుపులోంచి గాలి చెంపలు వాయిస్తోంది. కిందకి చూస్తే బ్యారేజీ, కాలవలు, పచ్చటి వరి మళ్ళు. లంక కనబడగానే కేక పెట్టాను. కానీ ఎంత చూసినా అక్క పొలం ఏదో పోల్చుకోలేకపోయాను. గట్లు లేవు, కర్రలు అంత పైనించి ఆనవు, అంతా ఒకే పచ్చ. మా పొలం నేనే గుర్తుపట్టలేకపోయానే అని మనసు అదోలా అయింది.

దిగాక ఆ మాటే మా స్నేహితుడితో అన్నాను. బయట టీ బంకు దగ్గర నిలబడి ఉన్నాం. వాడు చేతిలో గ్లాసు తిప్పుతూ చెప్పాడు.

"ఒరేయ్, ఇది ఎవరితోనూ అనకు. పట్టాలిచ్చే ఆలోచనలో ఉన్నార్రా. ఎవరు ఎంత సాగు చేస్తున్నారో ఫోటోలో కనబడితే అదే సాక్ష్యం. కనబడనోళ్ళకి ఏం లేదు. ఎవరి మూలల్లో వాళ్ళు ఇంత సున్నం పోసుకుంటే పైకి తెల్లగా కనబడుద్ది."

"నువ్వే వచ్చి చెప్పరాదా?"

"నన్ను చూస్తే వాళ్ళకి గొలుసు గుర్తొస్తుంది. నువ్వు చెబితే ఇంటారు. అక్క చెబితే అందరూ ఇంటారు. మంగళవారం పొద్దున్నే తీస్తారు."

సంతకం పెట్టిన కాగితం గుర్తురాలేదా అంటే, వచ్చింది. "మరి ఆ కాగితమో?" అని అడిగాను కూడా. "నేను ఉన్నాగదరా," అన్నాడు. ఆ మాటకి నేను ఇంకేం ఆలోచించలేదు. అక్కకి పట్టా వస్తుందన్న సంతోషంలో ఇంకేమీ తలకెక్కలేదు.

ఆదివారం ప్రార్థన అయ్యాక రెండు బస్తాల గుల్ల సున్నం పడవలో వేసుకుని లంకకి వెళ్ళాను. అందరినీ చర్చి పాక ముందు కూర్చోబెట్టి చెప్పాను. విమానం సంగతి, ఫోటో సంగతి, పట్టా సంగతి, మంగళవారం సంగతి, అన్నీ చెప్పాను. ముసలివాళ్ళు నసిగారు. "గొలుసుని రానీకుండా ఆపి, ఇప్పుడు మనమే గుర్తులు పెట్టుకోడమేందిరా?" అన్నాడు ఒకాయన. అప్పుడు మా అక్క లేచింది.

"ఈడు నా తమ్ముడు. నా చేతి ముద్ద తిన్నోడు. ఈడు చెప్పాడంటే మనకి మంచే," అని కొంగు నడుముకి చుట్టి, మొదటి గంప సున్నం తనే ఎత్తుకుంది. సాయంత్రానికి లంకంతా తెల్లటి గుర్తులే. ఆశ పుట్టాక మనిషి ఆగడు కదా, ఏటి ఒడ్డున పొలాలున్నవాళ్ళు ఎవరికి వాళ్ళు కొత్త మేట మీదికి రెండడుగులు జరిపి పోసుకున్నారు. అక్క కూడా జరిపింది. నేను చూసి నవ్వాను.

మంగళవారం తెల్లవారుతూనే నేను గన్నవరంలో చట్రం బిగించాను. స్క్రూలు రెండోసారి తిప్పి చూశాను. ఆ ఒక్క రోజు ఫోటోలు చెడకూడదని మనసులో ప్రార్థన చేసుకున్నాను. విమానం వెళ్ళింది, వచ్చింది. చట్రం విప్పి గోనెలో చుట్టి అప్పగించాను. సాయంత్రానికి ఆ విమానంలోకి మూటలు ఎక్కిస్తున్నారు.

రెండు నెలల తర్వాత, రెవెన్యూ ఆఫీసుకి రమ్మని లంకలో ఇంటింటికీ నోటీసులు వచ్చాయి. పట్టాలకే అనుకున్నారు. ఆడవాళ్ళు ఉతికిన చీరలు కట్టుకున్నారు, అక్క ఆఫీసరుకి ఇద్దామని పడవలో దోసకాయలు కూడా వేయించింది. నేను షెడ్డుకి సెలవు పెట్టి వెళ్ళాను.

ఆఫీసు గదిలో పెద్ద బల్ల, దాని మీద చాపంత ఫోటో పరిచి ఉంది. బల్ల వెనక పెద్ద ఆఫీసరు, ఆయన పక్కన ఫైలు పట్టుకుని మా స్నేహితుడు. ఫోటో చూడగానే, సిగ్గులేకుండా చెబుతున్నాను, నాకు ముందు సంతోషమే కలిగింది. ఎక్కడా మరక లేదు, పులుముడు లేదు. ప్రతి పొలం మూలలో తెల్లటి గుర్తు. ప్రతి గుర్తు పక్కనా ఒక నల్ల చుక్క. ఆ చుక్కలేమిటో నాకు ఒక నిమిషం అర్థం కాలేదు. తర్వాత అర్థమయింది. అవి మనుషులు. నేను నిలబడమని చెప్పలేదు. మనిషి నిలబడని మూల చెల్లదని వాళ్ళ నమ్మకం కాబట్టి, పిల్లా పెద్దా అందరూ తెల్లారకముందే వెళ్ళి, విమానం పోయేదాకా ఎవరి మూలలో వాళ్ళు నిలబడ్డారు. ఏటి పక్కన మేట మీద ఒక చుక్క ఉంది. అది మా అక్క.

మా స్నేహితుడు చదవడం మొదలుపెట్టాడు. నది గర్భాన్ని ఆక్రమించినవాళ్ళు ఫలానా ఇంతమంది, ప్రవాహానికి అడ్డంగా కొత్త మేటల్లోకి కూడా సాగు పెంచారు, హద్దులు వాళ్ళే చూపించారు, పదిహేను రోజుల్లో ఖాళీ చేయాలి. గొంతు ఎక్కడా తడబడలేదు. బళ్ళో పాఠం అప్పజెప్పేటప్పుడు కూడా వాడు అంతే.

గదిలో గోల లేచింది. "పట్టాలిస్తామంటేనే గదండీ సున్నం పోశాం," అని ఎవరో అరిచారు. ఆఫీసరు తల ఎత్తాడు. చెడ్డవాడేం కాదాయన. "ఎవరు చెప్పారు మీకలా? చెప్పండి, విచారిస్తాను. మిమ్మల్ని ఎవరన్నా మోసం చేసి చేయిస్తే ఆ సంగతి వేరే రాస్తాను," అన్నాడు.

అందరూ నా వైపు తిరిగారు. నేను వాడి వైపు చెయ్యి చూపించాను. "ఇతనే చెప్పాడండీ నాతో. గన్నవరంలో టీ బంకు దగ్గర."

వాడు నెమ్మదిగా ఫైలు మూశాడు. "నేనా? నేనెప్పుడు చెప్పాన్రా? మిలిటరీ విమానం సంగతి బయట చెప్పనని నువ్వు సంతకం పెట్టావు, సాక్షి నేనే. మరి లంకలో వాళ్ళకి మంగళవారం అని ఎలా తెలిసిందో నువ్వే సార్‌కి చెప్పు," అన్నాడు. కోపం లేదు, కంగారు లేదు. భుజం మీద చెయ్యేసినప్పటి గొంతే.

వాడికి ముందే తెలుసు. గొలుసుతో కొలవలేని దాన్ని నా చేత కొలిపించాడు, నా నోరు ముందే కట్టేశాడు. అవి ఎవరినైనా ఎందుకని అడక్కుండా పట్టుకుపోయే రోజులు. ఆఫీసరు కళ్ళజోడు సర్దుకుని నన్ను చూశాడు. "మిలిటరీ సంగతి నువ్వు బయట చెప్పావా?" అని అడిగాడు.

అప్పుడు మా అక్క ముందుకొచ్చింది. రేవులో గొలుసువాళ్ళని నిలబెట్టిన మనిషి, చేతులు కట్టుకుని నిలబడింది. "మాకెవరూ చెప్పలేదండీ. మావోడికేం తెలీదు. విమానం తిరగతా ఉంటే చూసి మేవే పోసుకున్నామండీ. మేవే నిలబడ్డామండీ," అంది.

"ఎవరి ప్రమేయం లేకుండా?"

"ఎవరూ లేరండీ."

ఆఫీసరు అలాగే రాసుకున్నాడు. అక్క వేలిముద్ర వేసింది. ఆమెని చూసి మిగతావాళ్ళూ ఒక్కొక్కరే వచ్చి వేశారు. విచారణ కావాలని అడిగే దారి దాంతో పోయింది. వాడు ఇంకు డబ్బీ అందించాడు. "ఇక్కడ వెయ్యక్కా," అన్నాడు. ఆ "అక్కా" అన్న పిలుపుకి వాణ్ణి అక్కడే పీక పిసికి చంపాలనిపించింది. అక్క మాత్రం, "అలాగేనండీ," అంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి వాణ్ణి ఒరేయ్ అనే పిలిచింది ఆమె.

పదిహేనో రోజున సామాను దించుకోవడానికి నేను పడవ తీసుకెళ్ళాను. చల్లపల్లి దగ్గర మా దూరపు పిన్నిగారి ఊళ్ళో కూలి పని దొరుకుతుందని అక్క అటు పోవడానికి సిద్ధమయింది. లంకలో సగం ఇళ్ళు అప్పటికే ఊడదీశారు. ఇప్పుడు మా దోసపాదులున్న చోట ఎవరో పెద్దమనిషి అరటితోట ఉంది. నదికి అది అడ్డం రాలేదు కాబోలు. మా స్నేహితుడికి ఆ ఏడే ప్రమోషను వచ్చింది.

అక్క కాకర పందిరి విప్పుతోంది. కర్రలు ఒక పక్క, తాళ్ళు ఒక పక్క పెడుతోంది. నేను వెనకాలే తిరుగుతూ, ఆ పదిహేను రోజుల్లో ఎన్నోసారో, మళ్ళీ అదే మొదలుపెట్టాను. "ప్రభువు తోడక్కా, వాడే చెప్పాడు. పట్టా ఇస్తారని వాడి నోటితో వాడే చెప్పాడు. వాడు ఇంత గొంతు కోస్తాడని నేను కల్లో కూడా అనుకోలేదు."

"తెల్సు," అంది.

"మరి నాతో సరిగ్గా మాట్లాడవేం?"

ఆమె తాడు ముడి విప్పడం ఆపలేదు. ముడి బిగుసుకుపోతే పంటితో లాగింది.

"నేనేం వాణ్ణి నమ్మి పోశాన్రా సున్నం? ఇంతమంది చేత పోయించింది ఏం చూసి? ఈ లంకలో ఎవరూ వాడి మొహం చూసి పోయలేదు."

ఆమె విప్పిన కర్రలు ఎత్తుకుని పడవలో పెట్టాను.